జీతం ఇద్దరిదైతే పొయ్యి ఒక్కర్తిదేనా?

(టెక్కలిలో ఉపాధ్యాయినులు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, జీడి కార్మికులు, పేటల యువకులు కలిసి కూర్చున్న ఒక సభలో ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

మొదట ఒక చిన్న లెక్క తీద్దాం. సభ పది గంటలకన్నారు. పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించి, గుంటలకి పెట్టి, మధ్యాహ్నానిక్కూడా వండి మూతపెట్టి వచ్చినవాళ్ళు చేతులెత్తండి. దించకండి. ఇప్పుడు ఎవరో వండింది తిని, ఎవరో ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చినవాళ్ళు ఎత్తండి. (సభలో నవ్వులు) నవ్వండి, పర్వాలేదు. కాని ఏ చేతులు ఎటువైపు లేచాయో చూశారు కదా! నేను చెప్పబోయేదంతా దాని గురించే.

నాకిచ్చిన విషయం ‘ఉద్యోగం చేసే స్త్రీలు, కుటుంబ బాధ్యతలు’. ఈ విషయం మీద వారపత్రికల్లో చాలా చదివాం. అందులో ఆడమనిషికి అన్నీ సలహాలే. నాలుగింటికి లేవండి, కూరలు రాత్రే తరిగి పెట్టుకోండి, ఆదివారం నాడే పిండి రుబ్బుకోండి, నవ్వుతూ ఉండండి అని. ఆ ఇంట్లో ఇంకో పెద్దమనిషి ఉన్నాడన్న సంగతే ఆ రాసేవాళ్ళకి గుర్తుండదు. నేను అలాంటి సలహాలు చెప్పడానికి రాలేదు. ఈ విషయాన్ని మన పేటల్లో నిలబడి చూద్దామని వచ్చాను.

మన అమ్మలు ఇంట్లో ఎప్పుడున్నారు?

ఆడది గడప దాటొచ్చా, దాటకూడదా అని ఈ దేశంలో పెద్దపెద్దవాళ్ళు చాలాకాలం వాదించుకున్నారు. నవలలు రాశారు, సంస్కరణ సభలు పెట్టారు. ఆ వాదన నడుస్తున్నప్పుడు మన అమ్మమ్మలు ఎక్కడున్నారు? ఊడుపుల్లో మోకాటి లోతు బురదలో ఉన్నారు. ఉద్దానం తోటల్లో జీడిపిక్కలు ఏరుతున్నారు, కొబ్బరికాయలు మోస్తున్నారు. గడప దాటమని వాళ్ళనెవరూ బతిమాలలేదు. దాటొద్దని ఎవరూ అడ్డుపడలేదు. దాటకపోతే ఆ పూట చోడంబలి ఉండదు, అంతే.

మా అమ్మ సంతకం పెట్టడం రాని మనిషి. చీకటితో లేచి నీళ్ళు మోసి, అంబలి కాసి, మాకు పోసి, పొలానికి పోయేది. సాయంత్రం మా నాన్నా, ఆవిడా ఒకే గట్టు మీద నుంచి ఇంటికొచ్చేవారు. మా నాన్న అరుగు మీద నడుం వాల్చేవాడు. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చునేది. రేషన్ కార్డు రాయడానికొచ్చినాయన “మీ ఆడమనిషి ఏం చేస్తాది?” అని అడిగితే మా నాన్న ఏమన్నాడో తెలుసా? “ఏటి చేస్తాది బాబూ, ఇంట్లోనే ఉంటాది” అన్నాడు. నాన్న చెడ్డవాడు కాదు. నన్ను చదివించినవాడు. కాని రోజూ తన పక్కనే వంగి కోత కోసిన మనిషి పని ఆయన కంటికి పనిలాగ కనబడలేదు.

కాబట్టి మన దగ్గర ‘ఆడవాళ్ళు పనికి వెళ్ళొచ్చా?’ అన్న ప్రశ్నే లేదు. రెండు చోట్లా పని చేస్తున్న మనిషిని ఒక చోటైనా మనిషిగా లెక్కవేశామా అన్నది మన ప్రశ్న.

రమాబాయి గురించి చెప్తాను. బాబాసాహెబ్ లండన్‌లో చదువుకుంటున్నప్పుడు బొంబాయిలో ఆ సంసారాన్ని ఈదిన మనిషి ఆమె. పిడకలు చేసింది, పస్తులుంది. ఐదుగురు పిల్లల్ని కని నలుగుర్ని మట్టికిచ్చింది. 1935 మే 27న చనిపోయింది. తరవాత పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకాన్ని అంబేడ్కర్ ఆమెకే అంకితమిచ్చారు. మన సభల్లో ఆమె ఫొటోకి దండ వేస్తాం, త్యాగమూర్తి అంటాం. నాకు ఆ మాట మీదే పేచీ. త్యాగం అని ఒకసారి పేరు పెట్టేస్తే ఇక లెక్క చెప్పక్కర్లేదు కదా! అంబేడ్కర్ అలా వదిలెయ్యలేదు. తన బతుకులో ఆమె ఎంతటి మనిషో పుస్తకం మొదట్లోనే అచ్చువేసి చెప్పారు. మన ఇళ్ళల్లో మనం ఆమాత్రం నోటిమాటగానైనా ఒప్పుకుంటున్నామా?

జీతమొచ్చింది, పొయ్యి మారలేదు

మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి ప్రభుత్వ ఉద్యోగాల్లో 30 శాతం కేటాయింపు 1984లో వచ్చింది. దాని మీద కోర్టుకెళ్తే 1995లో సుప్రీంకోర్టు అది సరైనదే అంది. తరవాత మూడో వంతు అయింది. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ జరిగింది. మన పేటల్లో వేలిముద్ర వేసిన తల్లుల కూతుళ్ళు ఈవేళ టీచర్లు, ఏఎన్ఎంలు, సచివాలయ ఉద్యోగులు. ఇది చిన్న మార్పు కాదు. దీని వెనక రెండు మూడు తరాల కష్టం ఉంది.

మరి ఆ పిల్ల ఇంట్లో ఏం జరుగుతోంది? టెక్కలిలో కాపురం ఉండి మెళియాపుట్టి వైపో, నందిగాం వైపో, సంతబొమ్మాళి వైపో బడికి పోయే మన టీచర్ల సంగతే చూడండి. భార్యాభర్తలిద్దరూ టీచర్లే. ఇద్దరికీ ఒకే టైముకి బడి. 2022లో మొహం చూపించి ఫోన్లో హాజరు వేసే పద్ధతి వచ్చింది. ఆ ఫోను ఆడా మగా అని చూడదు. ఆలస్యమైతే ఇద్దరికీ ఆలస్యమే. కాని ఆవిడ నాలుగున్నరకి లేస్తుంది, ఆయన ఆరున్నరకి. ఆవిడ నాలుగు క్యారేజీలు కడుతుంది, ఆయన ఒక క్యారేజీ పట్టుకుని బండెక్కుతాడు. సాయంత్రం ఇద్దరూ ఒకే అలసటతో వస్తారు. ఆయన యూనియన్ మీటింగుకో, సంఘం మీటింగుకో పోతాడు. ఆవిడ గిన్నెల దగ్గరికి పోతుంది.

నాకు తెలిసిన ఒక టీచరమ్మకి ప్రమోషన్ వచ్చింది. సీనియారిటీ ఆవిడదే, అర్హత ఆవిడదే. పోస్టింగు పోతే ఉద్దానం చివర పడేట్టుంది. నాలుగు రోజులు ఆలోచించి వద్దని రాసిచ్చేసింది. ఎందుకమ్మా అంటే, “ఆయనకి టైముకి భోజనం ఉండాలి, మా అత్తకి మందులెయ్యాలి, గుంటడు పదో తరగతి” అంది. రెండేళ్ళ తరవాత వాళ్ళాయనకి ప్రమోషన్ వచ్చింది. అదీ దూరమే. ఆయన ఎవర్నీ అడగలేదు. పెట్టె సర్దించుకుని వెళ్ళాడు. ఊరంతా అభినందించింది. నేనూ అభినందించాను. కాని ఆవిడ వదులుకున్న రోజున ఎవరూ ఆవిడ దగ్గరికెళ్ళి “ఏటమ్మా ఇలాగ చేశావు” అనలేదు. ఆడది వదులుకోవడం మామూలు విషయమైపోయింది మనకి.

బదిలీల్లో స్పౌజ్ పాయింట్లు ఉంటాయి. ఎక్కువ ఇళ్ళల్లో ఆయన ఊరికి దగ్గరగా ఆవిడ వస్తుంది. ఆవిడ బడికి దగ్గరగా ఆయన వచ్చిన ఇళ్ళు మీరెన్ని చూశారు?

ఇది నెల జీతాలున్నవాళ్ళ సంగతి. జీతమని పిలవడానికి వీల్లేని పనుల్లో ఉన్నవాళ్ళున్నారు. కడుపుతో ఉన్న పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి పురుడు పోయించేది ఆశా కార్యకర్త. ఆ ఆశా కార్యకర్తకి తన పురుడికి జీతంతో 180 రోజుల సెలవు ఇస్తామని మన రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది 2025లో! అందాకా ఊళ్ళో పిల్లలకి టీకాలు, తన పిల్లకి దేవుడు. అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబరు 12న సమ్మెకి దిగారు. అప్పటికి కార్యకర్తకి నెలకి 11,500, ఆయాకి 7,000. ఎస్మా పెట్టినా బెదరకుండా 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. ఆ 42 రోజులూ శిబిరానికి రాకముందు వండి వచ్చారు, శిబిరం నుంచి వెళ్ళి వండారు. ఊళ్ళో పనికి సమ్మె ఉంది గాని ఇంట్లో పనికి సమ్మె లేదు.

పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే మన అప్పలున్నారు ఈ సభలో. పిక్క చీల్చడం, పప్పు తియ్యడం, పొట్టు తియ్యడం, గుండు వేరు, బద్ద వేరు చెయ్యడం, అంతా ఆడవాళ్ళ చేతుల మీదుగానే. పిక్క పెంకులో నూనె చర్మాన్ని కాలుస్తుంది. బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు. కిలోకి ఇంతని కూలి. చేతులు మండుతున్నాయని ఆగితే కిలో తగ్గుతుంది, కిలో తగ్గితే కూలి తగ్గుతుంది. ఆ వేళ్ళతోనే ఇంటికెళ్ళి అన్నం కలిపి పిల్లకి పెట్టాలి. కారం కలిపిన కూరలో ఆ వేలు పెడితే ఎలాగుంటాదో వాళ్ళాయన ఒక్కరోజు చూస్తే తెలుస్తుంది.

ఉద్దానంలో ఇంకో బాధ ఉంది. కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, ఎక్కడ చూసినా ఇంటికో మనిషి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మంచిదే. ఇంతకు ముందు విశాఖ పోవాల్సి వచ్చేది. కాని డయాలసిస్ అంటే ఒక్కసారికి నాలుగు గంటలు, వారానికి రెండు మూడు సార్లు. రోగితో వచ్చిన మనిషి ఆ నాలుగు గంటలూ బయట బెంచీ మీద కూర్చోవాలి. ఆ బెంచీ మీద ఎవరుంటారో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. భర్త రోగి అయితే భార్య. కొడుకు రోగి అయితే తల్లి. ఆవిడ ఆ పూట కూలి పోయినట్టే. మరి రోగి ఆడది అయితే? చాలాసార్లు ఆవిడ వెంట వచ్చేది కూతురో, చెల్లెలో. రోగం ఎవరిదైనా సేవ ఆడదానిదే.

పుట్టుకను చూసి పని అంటగడితే

ఇదంతా పేటలో ఉన్న బాధేనా, దేశమంతా ఉందా? కేంద్ర ప్రభుత్వం 2019లో ఒక సర్వే చేసింది. ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారని. డబ్బు రాని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు. అంటే ఇంచుమించు ఐదు గంటలు. మగవాళ్ళు 97 నిమిషాలు. అదైనా ఎంతో కొంత చేసే మగవాళ్ళ లెక్క. అసలు ఇంటిపని ముట్టుకునే మగవాళ్ళు నూటికి 26 మందే. 2024లో మళ్ళీ లెక్క తీశారు. ఆడవాళ్ళది 289 నిమిషాలకి తగ్గింది. మగవాళ్ళది పెరిగిందా? అదీ 88కి తగ్గింది! ఐదేళ్ళ కింద ఇద్దరి మధ్యా తేడా 202 నిమిషాలు. ఐదేళ్ళ తరవాత 201. ఐదేళ్ళకి ఒక్క నిమిషం. ఈ నడకన సమానం కావాలంటే వెయ్యేళ్ళు పడుతుంది. వెయ్యేళ్ళు ఆగుదామా?

1936లో లాహోరు సభ కోసం అంబేడ్కర్ ఒక ఉపన్యాసం రాశారు. చదవనివ్వకపోతే తానే అచ్చువేయించుకున్నారు. అదే కులనిర్మూలన. అందులో ఒక మాట మన పిల్లలకి కూడా కంఠతా వచ్చు. కులమంటే పనిని పంచడం కాదు, పనివాళ్ళనే ముక్కలు చెయ్యడం. ఎవరికి ఏ పని చేతనవును, ఎవరికి ఏది ఇష్టం అని చూడకుండా పుట్టుకను చూసి పని అంటగట్టడం.

దీన్ని పట్టుకునే మనం ఊరిని నిలదీశాం. చచ్చిన గొడ్డుని మేమే ఎందుకు మొయ్యాలి, చావుకి డప్పు మేమే ఎందుకు కొట్టాలి, ఊరి పెంట రెల్లివాళ్ళే ఎందుకు ఎత్తాలి అని అడిగాం. ఊరు ఏం చెప్పింది? “తరతరాల నుంచీ మీరు చేస్తున్నదే కదా” అంది. “మీకే బాగా చేతనవును” అంది. “మీరు మానేస్తే ఊరెలా నడుస్తుంది?” అంది. “మీకు కష్టమైతే మేం కాస్త చూస్తాంలే” అని మాత్రం అనలేదు.

ఇప్పుడు మన ఇళ్ళల్లోకి రండి. వంట నువ్వే ఎందుకు చెయ్యాలి అంటే “మా అమ్మ చేసింది, మా నానమ్మ చేసింది” అంటాడు. “నీ చేతి వంటే బాగుంటాది” అంటాడు. “నువ్వు మానేస్తే ఇల్లెలా నడుస్తాది?” అంటాడు. ఊరు మనతో అన్న మాటలే ఇవి. మనం గుడిసెలోంచి కాలనీ ఇంట్లోకి, కాలనీ ఇంట్లోంచి టెక్కలి డాబాలోకి వచ్చాం. వస్తూ వస్తూ మనకి తెలీకుండానే ఊరి పెద్దరికాన్ని కూడా సామాన్లతో పాటు తెచ్చుకున్నాం. పుట్టుకతో పని నిర్ణయించడం ఊళ్ళో అన్యాయమైతే వంటింట్లో న్యాయం కాదు.

కొందరు తమ్ముళ్ళు కోపంగా అడుగుతారు: “మగవాడు మాత్రం కష్టపడట్లేదా?” పడుతున్నాడు. ఉద్దానం కుర్రాళ్ళు చెన్నైలో, హైదరాబాదులో భవనాల కింద నలుగుతున్నారు. మన తీరం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి పరాయి బోట్ల మీద వేటాడుతున్నారు. 2018లో వాళ్ళలో కొందరు పాకిస్తాన్ చేతికి చిక్కి 2020 జనవరి దాకా జైల్లో ఉన్నారు. ఆ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. కాని ఒక సంగతి చెప్పండి. చెన్నైలో గదిలో ఆరుగురు కుర్రాళ్ళుంటే వండేదెవరు? వంతులేసుకుని వాళ్ళే. ఈవేళ నీది అన్నం, రేపు నాది కూర. గిన్నెలు తోమేది కూడా వాళ్ళే. వేటకెళ్ళిన బోటు మీద వండేదెవరు? మగవాడే. పెళ్ళిలో వెయ్యి మందికి గుండిగలు దించేదెవరు? మగవాడే. అంటే వండడం చేతకాక కాదు. ఇంటి గుమ్మంలోకి అడుగుపెట్టగానే చేతులు పనిచెయ్యడం మానేస్తాయి. ఇంకోటి చూడండి. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళకి నెలకి వెయ్యి ఇచ్చేవారు, 2019లో మూడు వేలు చేశారు. రోజూ అంతమంది పిల్లలకి వండే చేతికి నెలకి మూడు వేలు! ఇంట్లో ఆ పనికి విలువ లేదు కాబట్టే బయట కూడా దానికి ధర లేదు.

చట్టంలో ఉన్నది, చేతికి రానిది

ఇంట్లో మగవాడు మారితే చాలని నేనడం లేదు. మగవాడూ ఆడదీ ఇద్దరూ పొద్దున పోయి చీకటిపడి వచ్చే ఇంట్లో, ఇద్దరూ ఎంత పంచుకున్నా పిల్ల ఎక్కడుండాలి? అది ప్రభుత్వం, యజమాని చూడాల్సిన పని.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు వచ్చినప్పుడు అంబేడ్కర్ నిలబడి దాన్ని సమర్థించారు. కడుపుతో ఉన్న కార్మికురాలికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలని, ఆమె శ్రమతో లాభం తీసుకునే యజమాని కూడా ఆ ఖర్చు మొయ్యాలని వాదించారు. ఫ్యాక్టరీల్లో 30 మందికి మించి ఆడవాళ్ళుంటే పిల్లల గది ఉండాలని 1948 నాటి చట్టం, తరవాతి సవరణతో, చెప్పింది. 1961 ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి సెలవుని 26 వారాలు చేశారు, 50 మంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలన్నారు. 2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టాల స్థానంలో కొత్త కోడ్‌లు వచ్చాయి. 26 వారాలూ, 50 మందికి పిల్లల గదీ వాటిలో కూడా ఉన్నాయి. కాగితం మీద ఉన్నాయి. కాని సెలవు జీతం రావాలంటే అంతకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసినట్టు ఉండాలి. హాజరు పట్టీలో పేరు లేని మనిషి 80 రోజులు కాదు, ఎనిమిదేళ్ళు పనిచేసినా ఎలా రుజువు చేస్తుంది? అందుకని జీడి అప్పలారా, కూలి రేటు అడిగేటప్పుడు హాజరు పట్టీలో పేరు కూడా అడగండి. పేరు ఉంటేనే పురుడు సెలవు, పేరు ఉంటేనే పిల్లల గది.

ప్రభుత్వోద్యోగుల సంగతి చూడండి. ఆడవాళ్ళకి పురుడు సెలవు 180 రోజులు. భర్తకి 15 రోజులు. ఆ 15 రోజులు వాడుకున్న మగ ఉద్యోగుల్లో ఎంతమంది రాత్రి పిల్ల ఏడిస్తే లేచారు, ఎంతమంది స్థలం రిజిస్ట్రేషన్ పని చూసుకున్నారు? (నవ్వులు) పిల్లల సంరక్షణ సెలవని 2016లో 60 రోజులిచ్చారు, 2022లో 180 రోజులు చేశారు. అది ఆడ ఉద్యోగులకి, భార్య లేని మగ ఉద్యోగులకి. అంటే భార్య ఉన్నంతకాలం పిల్లల్ని చూసుకోవడం తండ్రి పని కాదని ప్రభుత్వమే రాసిచ్చినట్టు! దీన్ని మన ఉపాధ్యాయ సంఘాలు అడగాలి. పీఆర్సీ అడిగినంత గట్టిగా అడగాలి.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. కూలికెళ్ళే మనిషికి రోజుకి నలభై, యాభై మిగిలితే అది పెద్ద మాటే. ఆ మిగిలిన డబ్బు ఎవరి చేతిలో ఉందన్నది మాత్రం మళ్ళీ ఇంట్లో తేలాల్సిన లెక్క.

మన సంఘాల సంగతి

ఇప్పుడు కొంచెం చేదుగా మాట్లాడతాను. మన్నించక్కర్లేదు, ఆలోచిస్తే చాలు.

1942 జులై 20న నాగపూరులో అణగారిన కులాల ఆడవాళ్ళ మహాసభ జరిగింది. వేలమంది వచ్చారు. అంబేడ్కర్ వాళ్ళతో ఏం చెప్పారు? పెళ్ళి చేసుకున్న ప్రతి పిల్లా భర్త పక్కన స్నేహితురాలిగా, సమానురాలిగా నిలబడాలి, బానిసగా ఉండనని చెప్పాలి అన్నారు. హిందూ కోడ్ బిల్లు దాటనివ్వకపోతే 1951లో మంత్రి పదవి వదిలేశారు. ఆయన పేరు పెట్టుకున్న మన సంఘాల్లో, ఇన్నేళ్ళ తరవాత, ఆడవాళ్ళు ఎక్కడున్నారు? బ్యానర్ పట్టుకోవడానికి ముందు వరసలో, తీర్మానం రాసేటప్పుడు వెనక వరసలో. కార్యకర్త ఇంటికి నలుగురు నాయకులొస్తే వాళ్ళు సమానత్వం గురించి అర్ధరాత్రి దాకా మాట్లాడతారు. టీ మాత్రం వంటింట్లోంచే వస్తుంది. ఆ టీ ఇచ్చిన మనిషిని కూర్చోమని ఎవరూ అనరు.

మన జిల్లా ఆడవాళ్ళకి పోరాటం కొత్తా? 2010 జులై 14న సోంపేట బీల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే, లాఠీలకి ఎదురు నిలబడ్డవాళ్ళలో ఆడవాళ్ళు తక్కువ లేరు. వడ్డితాండ్ర దీక్షా శిబిరంలో కూర్చున్న తల్లుల్ని మనం చూశాం. ప్రమాదం వచ్చినప్పుడు ముందుండమంటాం. ప్రమాదం పోయాక ఇంటికి పొమ్మంటాం.

సావిత్రిబాయి, జోతిబా ఫూలేలని తలుచుకోండి. 1848లో పూనాలో ఆడపిల్లలకి బడి పెట్టారు. ఆ పనికి ఇంట్లోంచే బయటికి పంపేశారు వాళ్ళని. 1856లో ఆమెకి జబ్బుచేసి పుట్టింట్లో ఉండి జోతిబాకి ఉత్తరం రాసింది. తాను లేనందుకు ఫాతిమా మీద పని ఎక్కువ పడి ఉంటుందని అందులో దిగులుపడింది. చూడండి, మంచం మీదున్న మనిషికి బడి మీద దిగులు. తన బదులు పని మోస్తున్న ఇంకో ఆడమనిషి మీద దిగులు. ఆ ఇంట్లో ఇద్దరికీ ఒకే పని ఉంది, అది ఇద్దరిదీ. భార్యాభర్తలంటే నా మనసులో ఉన్న బొమ్మ అది.

ఏం చేద్దాం?

ఊరికే మాట్లాడి వెళ్ళిపోతే లాభం లేదు. నాకు తోచినవి కొన్ని చెప్తాను. మీరు కలపండి, తీసెయ్యండి.

ఒకటి. ‘సాయం’ అనే మాట మానేద్దాం. “మా ఆయన నాకు సాయం చేస్తాడండీ” అని గొప్పగా చెప్పుకుంటాం. సాయం అంటే పని నాది, దయ ఆయనది అని అర్థం. తను తిన్న కంచం కడగడం, తన పిల్లకి జడ వెయ్యడం సాయం కాదు. చెన్నై గదిలో లాగ వంతులేసుకోండి. ఒక నోటుబుక్కులో ఇంట్లో పనులన్నీ రాసి, ఏది ఎవరిదో పక్కన రాయండి. రాస్తేనే గాని ఎంత పనుందో మగవాళ్ళకే కాదు, మనకీ తెలీదు.

రెండు. జీతం ఎవరిదో ఏటీఎం కార్డు వాళ్ళ దగ్గరుండాలి. ఇంటికి ఖర్చు ఇద్దరూ పెట్టాలి. స్థలం కొన్నా, ఇల్లు కట్టినా ఇద్దరి పేరు మీదా ఉండాలి. ఆవిడ జీతం మీద లోను తీసి, ఆయన ఒక్కడి పేరు మీద ఇల్లు రాయించుకోవడం మన కాలనీల్లో మామూలైపోయింది. ఇది ఆగాలి.

మూడు. అత్తల్ని, అమ్మల్ని మరిచిపోవద్దు. ఉద్యోగం చేసే చాలామంది పిల్లల్ని పెంచుతున్నది ముసలి తల్లులు. జీవితమంతా ఊడ్చిన నడుములు మళ్ళీ మనుమల్ని ఎత్తుతున్నాయి. మన భారాన్ని ఇంకో ఆడదాని మీదకి దించి, మగవాణ్ణి ఖాళీగా ఉంచితే అది పంచుకోవడం కాదు. ఇంట్లో పనిమనిషిని పెట్టుకున్నామా, ఆమె కూడా మన పేట మనిషే. సరైన జీతం, వారానికొక సెలవు ఇవ్వాలి. మన ఇంట్లో ఆమెకి వేరే గ్లాసు ఉంటే మనం జై భీమ్ అనడం దండగ.

నాలుగు. కొడుకుల్ని మార్చాలి. నా క్లాసులో చీపురు వంతు ఆడపిల్లలకీ మగపిల్లలకీ సమానం. మొదట్లో ఒక తండ్రి వచ్చి “మా వాడి చేత ఊడిపించారేటండి?” అని అడిగాడు. “మీ ఇల్లు ఎవరు ఊడుస్తారు బాబూ?” అన్నాను. “మా అమ్మి” అన్నాడు. “ఆ అమ్మికీ లెక్కల పరీక్ష ఉంది కదా” అన్నాను. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. మళ్ళీ అడగలేదు. ఆడపిల్ల బడి మానేసిన ప్రతి ఇంట్లోనూ వెతకండి. ఆ పిల్ల చెయ్యాల్సిన పని ఒకటి ఉంటుంది, ఆ పని చెయ్యని మగపిల్లాడు ఒకడుంటాడు.

ఐదు. సంఘాలకి. మీటింగులు రాత్రి పెట్టకండి. పెడితే పిల్లల్ని చూసుకోవడానికి ఇద్దరు మగ కార్యకర్తల్ని పెట్టండి. టీ వంతు నాయకులతో మొదలవ్వాలి. కమిటీల్లో సగం ఆడవాళ్ళుండాలి. జీడి ఫ్యాక్టరీల్లో పిల్లల గది, హాజరు పట్టీలో పేరు, అంగన్‌వాడీ కేంద్రం కూలి వేళలకి తెరిచి ఉండడం, ఇంటింటికీ తాగే నీటి కుళాయి, ఇవి ‘ఆడవాళ్ళ సమస్యలు’ అని చివర చేర్చే వాక్యాలు కాకూడదు. మన డిమాండ్ల కాగితంలో మొదటి వరసలో ఉండాలి.

ఇలా చేసే మగవాణ్ణి పేట నవ్వుతుంది. ఉద్దానంలో ఒక తమ్ముడున్నాడు. భార్య సచివాలయంలో చేస్తుంది, ఇతను జీడి తోట చూసుకుంటాడు. పొద్దున్న వంట ఇతనిదే. “ఆడంగి” అన్నారు. “పెళ్ళాం జీతం తింటున్నాడు” అన్నారు. అతను ఒకటే చెప్పాడు: “మా నాన్న మా అమ్మ కూలి తిన్నాడు. వండి కూడా పెట్టలేదు. నేను వండి పెడుతున్నాను.” ఇలాంటి తమ్ముళ్ళు ఈ సభలో ఇంకా ఉన్నారని నాకు తెలుసు. సిగ్గుపడి చెప్పుకోవడం లేదు. చెప్పుకోండి. ఊళ్ళో మొదట చెప్పులేసుకుని నడిచిన మన తాతని కూడా నవ్వారు. నవ్వినవాళ్ళ పేర్లు ఈవేళ ఎవరికీ గుర్తు లేవు.

ఆడవాళ్ళకి ఒక మాట చెప్పి ముగిస్తాను. ప్రమోషన్ వస్తే వద్దని రాసివ్వకండి. బదిలీ వస్తే ముందు మీ బడి చూసుకోండి, తరవాత ఇల్లు సర్దుకుందాం. మీరు వదులుకున్న కుర్చీ ఖాళీగా ఉండదు, దాంట్లో ఇంకొకరు కూర్చుంటారు. ఆ కుర్చీ కోసం మీ అమ్మ బురదలో వంగింది, మీ నాన్న అప్పు చేశాడు. వంట మళ్ళీ రేపు కూడా ఉంటుంది. ఆ కుర్చీ రేపుండదు.

మగవాళ్ళకి చెప్పాల్సింది ఇంతకు ముందే చెప్పాను. నోటుబుక్కు ఈ రాత్రే మొదలెట్టండి.

జై భీమ్!